అమెరికా కాలేజీలో ఇంజనీరింగ్ మొదలుపెట్టే పిల్లలకు కాల్క్యులస్ ప్లేస్‌మెంట్: తరచుగా అడిగే ప్రశ్నలు

మే 1కల్లా ఏ కాలేజీయో తేల్చుకుంటారు, ఆ మర్నాటి నుంచి మెయిళ్ళు మొదలవుతాయి. హాస్టల్ గది, మీల్ ప్లాన్, టీకాల కాగితాలు, వాటి మధ్యలో ఎక్కడో "మ్యాథ్ ప్లేస్‌మెంట్ పూర్తి చేయండి" అని ఒకటి. చాలా ఇళ్ళలో ఆ మెయిల్ జూలై దాకా ఎవరూ తెరవరు. నేను ఇక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ స్థానిక కాలేజీ) కాల్క్యులస్ చెబుతాను, తెలిసినవాళ్ళ పిల్లలు, వాళ్ళకి తెలిసినవాళ్ళ పిల్లలు ఏటా ఇవే ప్రశ్నలతో ఫోన్ చేస్తారు. అన్నిటికీ ఒకచోట జవాబులు రాస్తే పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల కోసమూ, హైదరాబాద్, విజయవాడల్లో ఇంటర్ ముగించి బీఎస్‌కి వస్తున్న వాళ్ళ కోసమూ.

ప్లేస్‌మెంట్ అంటే క్యాంపస్ ప్లేస్‌మెంటా? మొదటి ఏడాదే ఎందుకు?

కాదండీ, ఇది ఉద్యోగానికి సంబంధించింది కాదు. మిమ్మల్ని ఏ లెక్కల క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చే పద్ధతి ఇది. అమెరికాలో ఒక్కో హైస్కూలు ఒక్కో రకంగా చెబుతుంది. ఒకరు కాల్క్యులస్ ముగించి వస్తారు, ఇంకొకరు ఆల్జీబ్రా 2తో ఆపేసి వస్తారు. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టలేరు కాబట్టి కాలేజీ ముందే చూసుకుంటుంది. ఇందులో పాస్, ఫెయిల్ లేవు. ఈ మాట పిల్లలకంటే అమ్మానాన్నలకే ఎక్కువసార్లు చెప్పాల్సి వస్తోంది.

ఇంజనీరింగ్‌కి మొత్తం ఎంత లెక్కలు చదవాలి?

మామూలుగా కాల్క్యులస్ 1, 2, 3, ఆ తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, చాలా బ్రాంచిల్లో లీనియర్ ఆల్జీబ్రా. మొదటిదాంట్లో లిమిట్లు, డెరివేటివ్‌లు, ఇంటిగ్రేషన్ మొదలు. రెండోదాంట్లో ఇంటిగ్రేషన్ పద్ధతులు, సిరీస్‌లు. మూడోది ఒకటి కంటే ఎక్కువ చలరాశులున్న ఫంక్షన్ల మీద, వెక్టర్ల మీద. ఇంజనీరింగ్ డిగ్రీలకి గుర్తింపునిచ్చే అబెట్ సంస్థ నియమం ప్రకారం లెక్కలు, బేసిక్ సైన్సులు కలిపి కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు (ఒక్కో కోర్సుకి ఇచ్చే పాయింట్లు) ఉండాలి, అంటే ఆ గుర్తింపున్న ఏ కాలేజీలోనూ తప్పించుకునే దారి లేదు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఒక చిన్న సంగతి. అక్కడి ఉమ్మడి కోర్సు నంబర్లలో కాల్క్యులస్ 1, 2, 3 అంటే 2413, 2414, 2415. రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది, మూడూ నాలుగేసి క్రెడిట్లే. కమ్యూనిటీ కాలేజీలో తీసుకుని తర్వాత మార్చుకునేవాళ్ళకి ఈ నంబర్లు బాగా ఉపయోగపడతాయి.

ఒక విషయం మాత్రం మొదట్లోనే అర్థం చేసుకోండి. ఇది గొలుసు. ఫిజిక్స్ 1 తీసుకోవాలంటే కాల్క్యులస్ 1 అయినా అయిపోయి ఉండాలి, కనీసం పక్కపక్కనే నడుస్తూ ఉండాలి. స్టాటిక్స్‌కి ఆ రెండూ కావాలి. సర్క్యూట్స్‌కి చాలాచోట్ల డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పక్కన ఉండాలి. ఒక కొక్కెం దగ్గర ఆగితే వెనకవన్నీ ఆగుతాయి, అందుకే మొదటి మెట్టు ఏదన్న ప్రశ్న ఇంత పెద్దదైంది.

అలెక్స్ అంటున్నారు, అదేంటి?

మనిషి పేరు కాదు, చాలా కాలేజీలు వాడే ఆన్‌లైన్ పరీక్ష. 1990ల్లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అర్వైన్‌లో పుట్టింది. జాన్ పాల్ డ్వాన్యోన్, జాన్ క్లోడ్ ఫాల్మాన్య అనే ఇద్దరు 1985లో రాసిన నాలెడ్జ్ స్పేస్ సిద్ధాంతం దీనికి ఆధారం. ఏది వస్తే ఏది వచ్చి ఉండాలి, ఏది రాకపోతే ఏది వచ్చే అవకాశం లేదు అని ఒక పటం వేసుకుని, మీ ఒక్కో జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న ఎంచుకుంటుంది. 2013 నుంచి ఇది పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ మెక్‌గ్రా హిల్ చేతిలో ఉంది.

ప్రశ్నలు 30కి మించవు. ఆప్షన్లు ఉండవు, జవాబు మీరే టైపు చేయాలి. వెనక్కి వెళ్ళి దిద్దుకోవడం కుదరదు. "నాకు తెలియదు" అనే బటన్ ఒకటి ఉంటుంది, దాన్ని భయపడకుండా వాడండి. కాలిక్యులేటర్ అవసరమైన ప్రశ్నకి తెర మీద అదే ఇస్తుంది, మిగతా వాటికి కాగితం, పెన్సిలే. మామూలుగా గంటన్నర పడుతుంది. స్కోరు 0 నుంచి 100 దాకా వస్తుంది.

ఎంత వస్తే కాల్క్యులస్ 1?

కాలేజీని బట్టి మారుతుంది, కానీ చాలాచోట్ల ఆ గీత 75కి అటూ ఇటూ ఉంటుంది. మీ కాలేజీ మ్యాథ్ డిపార్ట్‌మెంట్ పేజీలో ఉన్న అంకె మాత్రమే నమ్మండి. స్నేహితుడి కాలేజీలో 70 చాలిందంటే అది అతని కాలేజీ సంగతి.

మళ్ళీ రాయొచ్చా?

రాయొచ్చు. అలెక్స్ ప్యాకేజీలో మామూలుగా ఐదు ప్రయత్నాల దాకా ఉంటాయి, వాటిలో ఎన్ని ఇవ్వాలో కాలేజీ ఇష్టం. మధ్యలో కొంత గడువు ఆగాలి, ఇన్ని గంటలు ప్రాక్టీస్ చేసి ఉండాలి అని నియమాలు పెడతారు. అందుకే ఓరియెంటేషన్‌కి రెండు రోజుల ముందు మొదటిసారి రాసేవాళ్ళు రెండో అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే. మే నెలాఖరులోగా మొదటిది రాసేయండి, ఎలా వచ్చినా సరే.

ఇంట్లో కూర్చునే రాస్తారు కదా, ఫోన్‌లో ఫొటో తీస్తే జవాబు వచ్చేస్తుంది. మా స్నేహితులందరూ అలాగే చేశారు.

దీనికి నేను నీతిపాఠం చెప్పను, జరిగేది చెబుతాను. అలెక్స్‌లో మొదటి ప్రయత్నం అవగానే మీకోసం ఒక ప్రాక్టీస్ మాడ్యూల్ తెరుచుకుంటుంది. మీకు ఏది రాదో చూసి, సరిగ్గా ఆ టాపిక్‌లే మీ ముందు పెడుతుంది. చాలాచోట్ల ఆరు నెలల పాటు వాడుకోవచ్చు. నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైనది ఇదే. మొదటి పరీక్ష వేరేవాళ్ళ బుర్రతోనో, యాప్‌తోనో రాస్తే మీకు అన్నీ వచ్చని అది నమ్ముతుంది, భిన్నాల లెక్కలు రాని పిల్లవాడికి లాగరిథమ్‌ల కష్టమైన ప్రశ్నలు ఇస్తుంది. ఉన్న ఒక్క మందూ వేరే జబ్బుకి రాయించుకున్నట్టు.

పైగా సెప్టెంబర్ మూడోవారంలో మొదటి మిడ్‌టర్మ్ క్లాసులో కూర్చుని రాయాలి, ఫోన్ బ్యాగులో ఉంటుంది. 88 స్కోరుతో వచ్చి ఆ మిడ్‌టర్మ్‌లో ఖాళీ కాగితం ఇచ్చిన పిల్లల్ని నేను చూశాను. ఆ రోజు వాళ్ళ మొహం చూడటం కష్టం. ఇప్పుడు చాలా కాలేజీలు కెమెరా పెట్టి, పరీక్ష తప్ప మరేదీ తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజర్ పెట్టి రాయిస్తున్నాయి కూడా.

కాల్క్యులస్ ముందే నేర్చుకుంటే ప్లేస్‌మెంట్‌లో మంచి స్కోరు వస్తుందా?

రాదు. ఎందుకంటే ఆ పరీక్షలో కాల్క్యులస్ ఉండదు. ప్రీకాల్క్యులస్ దాకానే అడుగుతారు: భిన్నాలు, ఘాతాంకాలు, సమీకరణాలు, అసమానతలు, ఫంక్షన్లు, లాగరిథమ్‌లు, ట్రిగనోమెట్రీ. ఎండాకాలమంతా యూట్యూబ్‌లో డెరివేటివ్‌ల వీడియోలు చూసి వచ్చి 58 తెచ్చుకున్న పిల్లలున్నారు.

మరి పిల్లలు కాల్క్యులస్‌లో ఎందుకు ఫెయిల్ అవుతున్నారు?

ఇది ఎవరూ అడగరు, నేనే అడుగుతున్నాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు ఇందులోనే ఉంది. నేను దిద్దిన కాగితాల్లో కాల్క్యులస్ రాకపోవడం వల్ల పోయిన మార్కుల కంటే ఆల్జీబ్రా తప్పుల వల్ల పోయినవే ఎక్కువ.

ఒక ఉదాహరణ చూడండి. 1 బై ఎక్స్ అనే ఫంక్షన్‌కి డెరివేటివ్‌ని నిర్వచనం నుంచి రాబట్టమని మొదటి నెలలోనే అడుగుతారు. 1 బై (ఎక్స్ ప్లస్ హెచ్) లోంచి 1 బై ఎక్స్ తీసేయాలి, వచ్చినదాన్ని హెచ్‌తో భాగించాలి, తర్వాత హెచ్‌ని సున్నాకి తీసుకెళ్ళాలి. మొదట రెండు భిన్నాలకీ ఉమ్మడి హారం తేవాలి, పైన బ్రాకెట్ విప్పేటప్పుడు మైనస్ గుర్తు రెండు పదాలకీ పడాలి, ఎక్స్‌లు కొట్టుకుపోయి మైనస్ హెచ్ మిగలాలి, భిన్నాన్ని మళ్ళీ హెచ్‌తో భాగించడం అంటే హారంలో హెచ్ చేరడమని తెలియాలి, అప్పుడు హెచ్‌లు కొట్టేయాలి. ఇదంతా అయ్యాక ఆఖర్లో ఒక్క అడుగు లిమిట్, జవాబు మైనస్ 1 బై ఎక్స్ స్క్వేర్. కాల్క్యులస్ ఆ ఒక్క అడుగే, మిగతాదంతా తొమ్మిదో తరగతి భిన్నాలు. పిల్లలు పడిపోయేది ఆ భిన్నాల్లో, కానీ ఇంటికెళ్ళి "కాల్క్యులస్ నాకు అర్థం కావట్లేదు" అంటారు. ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ పిల్లకి లిమిట్ అర్థమైంది, తనకి అర్థమైందన్న సంగతే తనకి తెలియదు.

ఇంకోటి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 మొత్తానికి వర్గమూలం ఎక్స్ ప్లస్ 3 అని రాస్తారు. ఎక్స్ బదులు 4 పెట్టి చూడండి. 16 + 9 = 25, వర్గమూలం 5. వాళ్ళు రాసినదాని ప్రకారం 7 రావాలి. అంకె పెట్టి సరిచూసుకునే ఈ అలవాటు ఒక్కటుంటే సగం తప్పులు అక్కడికక్కడే దొరుకుతాయి. అలాగే 1 బై (ఎక్స్ ప్లస్ 2)ని రెండు భిన్నాలుగా విడగొట్టేయడం, సైన్ 2ఎక్స్‌ని 2 సైన్ ఎక్స్ అనుకోవడం.

మరో పెద్ద చిక్కు మాటల్లో ఇచ్చే లెక్కలు. తలకిందులుగా పెట్టిన శంకువు ఆకారంలో ట్యాంకు, ఎత్తు 12 అడుగులు, పైన వ్యాసార్ధం 4 అడుగులు, నీళ్ళు పోస్తుంటే మట్టం ఎంత వేగంగా పెరుగుతోంది అని అడుగుతారు. ఇక్కడ డెరివేటివ్ తీసుకోవడం చాలా తేలిక. కానీ అంతకుముందు సరూప త్రిభుజాలు వాడి నీటి వ్యాసార్ధం ఎప్పుడూ నీటి ఎత్తులో మూడో వంతే అని పట్టుకోవాలి. ఆ ముక్క తట్టకపోతే తర్వాత ఏం వచ్చినా లాభం లేదు.

నాకు ఆల్జీబ్రా సరిగ్గా వచ్చో రాదో ఎలా తెలుస్తుంది?

కాలిక్యులేటర్ లేకుండా, కాగితం మీద, ఒక్కోటి నిమిషంలో చేయండి. 8కి మైనస్ 2/3 ఘాతం ఎంత? (1/4.) బేస్ 2కి లాగ్ 32 ఎంత? (5.) సైన్ 5π/6 ఎంత? (1/2.) ఎక్స్ మైనస్ 1, ఎక్స్ మైనస్ 4 ఈ రెండిటి లబ్ధం సున్నా కంటే తక్కువ కావాలంటే ఎక్స్ ఎక్కడుండాలి? (1కీ 4కీ మధ్యలో.) ఒక ఫంక్షన్ ఎక్స్ స్క్వేర్ ప్లస్ 1 అయితే, ఎక్స్ ఉన్నచోట ఎక్స్ ప్లస్ హెచ్ పెడితే ఏమొస్తుంది? చివరిదాంట్లో 2 ఎక్స్ హెచ్ అనే పదం మీ జవాబులో లేకపోతే అక్కడే ఆగి ఆ పాఠం మళ్ళీ చదవాలి. ఐదింటిలో రెండు తడబడితే మీకు ఎండాకాలం పని ఉందన్నమాట.

నేను ఇంటర్ ఎంపీసీ. 1బిలో 75కి 73, 2బిలో 75. కాల్క్యులస్ అంతా చేసేశాను. మళ్ళీ ప్రీకాల్క్యులస్ పరీక్ష నాకెందుకు?

ముందుగా, మీ చదువు చిన్నదేం కాదు. 1బిలో లిమిట్లు, డిఫరెన్షియేషన్, దాని ఉపయోగాలు, 2బిలో ఇంటిగ్రేషన్, డెఫినిట్ ఇంటిగ్రల్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చేసిన పిల్లలకి ఇక్కడి కాల్క్యులస్ 1లో కొత్త పాఠాలు చాలా తక్కువ. పార్షియల్ ఫ్రాక్షన్స్, ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ మనవాళ్ళు చేసినంత వేగంగా ఇక్కడి పిల్లలు చేయలేరు. కానీ మన బోర్డు మార్కులకి ఇక్కడ చాలా కాలేజీలు కాల్క్యులస్ క్రెడిట్ ఇవ్వవు, కాబట్టి పరీక్ష రాయాల్సిందే. రాసేటప్పుడు కొన్ని చోట్ల కాలు జారుతుంది, అవి చెబుతాను.

మొదటిది లాగ్. మన ఇంటర్ పుస్తకంలో బేస్ రాయకుండా లాగ్ ఎక్స్ అంటే నేచురల్ లాగ్, దాని డెరివేటివ్ 1 బై ఎక్స్. ఇక్కడ బేస్ లేకుండా లాగ్ అని రాస్తే బేస్ 10. నేచురల్ లాగ్‌ని ఎల్ఎన్ అని వేరే రాస్తారు. ఇది తెలియక అన్నీ వచ్చిన పిల్లవాడు వరసగా మూడు ప్రశ్నలు పోగొట్టుకుంటాడు, పరీక్ష ముందుకే వెళ్తుంది కాబట్టి ఎందుకు పోయాయో కూడా తెలియదు. కొసీకెంట్‌ని మనం ఐదు ఇంగ్లీషు అక్షరాలతో (cosec) రాస్తాం, ఇక్కడ మూడే (csc). మన సర్డ్స్ ఇక్కడ రాడికల్స్, ఇండిసెస్ ఇక్కడ ఎక్స్‌పోనెంట్స్, ట్రెపీజియం ఇక్కడ ట్రెపిజాయిడ్. తెలుగు మీడియం పిల్లలైతే ప్రమేయం అంటే ఫంక్షన్, అవధి అంటే లిమిట్, అవకలనం అంటే డిఫరెన్షియేషన్, సమాకలనం అంటే ఇంటిగ్రేషన్, సంవర్గమానం అంటే లాగరిథమ్ అని ఒక కాగితం మీద రాసుకుని గోడకి అంటించుకోండి. విషయం మీకు వచ్చు, పేర్లు మారాయంతే.

రెండోది కొలతలు. ఇక్కడ లెక్కలు అడుగుల్లో, మైళ్ళలో, గ్యాలన్లలో ఉంటాయి. పైకి విసిరిన బంతి లెక్కలో గురుత్వ త్వరణం 9.8 కాదు, 32 అని వాడతారు, అది అడుగుల్లో.

మూడోది ఎంసెట్ అలవాటు, ఇప్పుడు పేరు ఈఏపీసెట్. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే, నెగటివ్ మార్కులు లేవు. రెండేళ్ళు దానికోసమే తయారైన పిల్లలు ఆప్షన్లు ప్రతిక్షేపించి చూడటం, రెండు కొట్టేసి మిగిలినదాంట్లో ఒకటి పెట్టడం బాగా నేర్చుకుంటారు. అలెక్స్‌లో ఆప్షన్లే లేవు. కాలేజీ పరీక్షల్లో ప్రతి అడుగూ రాయాలి, యూనిట్ రాయాలి, కొన్నిచోట్ల ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి కారణం చెప్పాలి. జవాబు సరైనదే రాసినా పని చూపించకపోతే మార్కులు కోస్తారు. లోపిటాల్ రూల్ మీకు వచ్చుండొచ్చు, క్లాసులో ఇంకా చెప్పకముందు మొదటి మిడ్‌టర్మ్‌లో దాన్ని వాడితే చాలామంది ప్రొఫెసర్లు ఒప్పుకోరు.

ఇక గ్రాఫులు. మన దగ్గర ఫార్ములా ఇస్తే జవాబు తెస్తాం. ఇక్కడ ఫార్ములా ఇవ్వకుండా వంకర గీత ఒకటి ఇచ్చి, డెరివేటివ్ ఎక్కడ సున్నా, ఎక్కడ పెరుగుతోంది అని అడుగుతారు. ఇది విడిగా ప్రాక్టీస్ చేయాలి.

ఒక్కటి మాత్రం మారలేదు. ఏ పాదంలో ఏ ట్రిగ్ ఫంక్షన్ పాజిటివ్ అనేదానికి మనం "ఆల్ సిల్వర్ టీ కప్స్" అని గుర్తు పెట్టుకున్నాం, ఇక్కడి పిల్లలు "ఆల్ స్టూడెంట్స్ టేక్ కాల్క్యులస్" అంటారు. విషయం అదే.

అయితే నేను నేరుగా కాల్క్యులస్ 2కి వెళ్ళొచ్చా?

కొన్ని కాలేజీలు సొంతంగా పరీక్ష పెట్టి కాల్క్యులస్ 1 క్రెడిట్ ఇస్తాయి, అడగండి. కానీ కాల్క్యులస్ 2లో రెండో సగం మన ఇంటర్‌లో లేదు. అనంత శ్రేణులు కలుస్తాయా లేదా తేల్చే పరీక్షలు, పవర్ సిరీస్, టేలర్ సిరీస్, గీతని తిప్పితే వచ్చే ఆకారం ఘనపరిమాణం, పోలార్‌లో వైశాల్యాలు, ఇవన్నీ కొత్తే. మొదటి ఆరు వారాలు "ఇదంతా నాకొచ్చు" అని పుస్తకం తెరవని పిల్లలు సరిగ్గా సిరీస్ మొదలైన వారం మునుగుతారు. వెళ్ళండి, కానీ ఇది తెలిసి వెళ్ళండి.

మా అమ్మాయికి ఏపీ కాల్క్యులస్‌లో 5 వచ్చింది. కాల్క్యులస్ 1 వదిలేయాలా?

ఏపీ అంటే ఇక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివి పరీక్ష రాసే కాలేజీ స్థాయి కోర్సు; 5 అందులో అత్యధిక స్కోరు. కాల్క్యులస్‌లో ఏబీ, బీసీ అని రెండు ఏపీ కోర్సులున్నాయి, మీ అమ్మాయిది ఏబీనా, బీసీనా అన్నది మొదటి ప్రశ్న. ఏబీ దాదాపు కాల్క్యులస్ 1కి సమానం, బీసీ 1, 2 రెండిటికీ. కాలేజీల పాలసీలు మాత్రం ఒకదానికొకటి పొంతన ఉండవు. ఎంఐటీ బీసీలో 5 వస్తేనే మొదటి కాల్క్యులస్ కోర్సుకి క్రెడిట్ ఇస్తుంది, క్యాల్‌టెక్ ఏపీలకి అసలు క్రెడిట్ ఇవ్వదు, చాలా స్టేట్ యూనివర్సిటీలు 4కి, కొన్ని 3కి కూడా ఇస్తాయి.

క్రెడిట్ రావడం వేరు, వదిలేయగలగడం వేరు. మన పిల్లల్లో చాలామందిని ఏడో తరగతికే ఆల్జీబ్రా 1కి తోస్తాం. అలా తోస్తే పదకొండులోనే ఏపీ కాల్క్యులస్ అయిపోతుంది, పన్నెండులో స్టాటిస్టిక్స్ తీసుకుంటారు, లేదంటే లెక్కలే తీసుకోరు. కాలేజీకి వెళ్ళేసరికి కాల్క్యులస్ ముట్టుకుని పదిహేను నెలలు. మా అమ్మాయి విషయంలో ఇదే జరిగింది. బీసీలో 5 ఉంది కదా అని నేరుగా కాల్క్యులస్ 3లో కూర్చుంది, మూడో వారంలో ట్రిగ్ సబ్‌స్టిట్యూషన్ గుర్తురాక రాత్రి పదకొండింటికి ఏడుస్తూ ఫోన్ చేసింది. రోజూ లెక్కలు చెప్పే మనిషిని, ఎండాకాలంలో ఒక్కసారి కూర్చుని చూసుకోలేదు. అది నా తప్పే. ఎలాగో గట్టెక్కింది, కానీ ఆ సెమిస్టర్ అంత భారం కావాల్సిన అవసరం లేదు.

నేనిచ్చే సలహా ఇది. మీరు వెళ్ళబోయే కాలేజీలో, మీరు వదిలేద్దామనుకుంటున్న కోర్సు పాత ఫైనల్ పేపర్లు డిపార్ట్‌మెంట్ పేజీలో ఉంటాయేమో చూడండి, చాలా చోట్ల పెడతారు. టైమ్ పెట్టుకుని ఒకటి రాయండి. 80 శాతం పైన వస్తే నిశ్చింతగా వదిలేయండి. 65, 70 దగ్గర ఆగితే ఎండాకాలం రివిజన్ చేసి మళ్ళీ రాయండి. 50 కూడా రాకపోతే కోర్సు మళ్ళీ తీసుకోండి. తీసుకుంటే ఏపీ క్రెడిట్ పోవచ్చు, ఆ సంగతి అడ్వైజర్‌ని ముందే అడిగి రాతపూర్వకంగా మెయిల్‌లో తెప్పించుకోండి. మెడిసిన్ వైపు ఆలోచన ఉన్న పిల్లలైతే ఏపీ క్రెడిట్‌ని ఏ మెడికల్ స్కూలు ఒప్పుకుంటుందో విడిగా చూసుకోవాలి.

మా వాడికి ప్రీకాల్క్యులస్ వచ్చింది. నాలుగేళ్ళలో ఇంజనీరింగ్ అవుతుందా? చుట్టాలకి ఏం చెప్పాలి?

అవుతుంది. మామూలు వరస ఏంటంటే మొదటి ఫాల్‌లో (ఆగస్టు సెమిస్టర్) కాల్క్యులస్ 1, స్ప్రింగ్‌లో (జనవరి సెమిస్టర్) 2, రెండో ఏడాది ఫాల్‌లో 3. మీవాడు ఫాల్‌లో ప్రీకాల్క్యులస్, స్ప్రింగ్‌లో 1, ఎండాకాలంలో 2 తీసుకుంటే రెండో ఏడాది ఫాల్‌కి అందరితో పాటు కాల్క్యులస్ 3లోనే ఉంటాడు. కాకపోతే వేసవిలో కాల్క్యులస్ 2 అంటే పదిహేను వారాల పాఠం దాదాపు సగం వారాల్లో. ఆ వేసవి ఇంకో ఉద్యోగం, ఇండియా ప్రయాణం పెట్టుకోకూడదు. అది కుదరకపోతే ఒక సెమిస్టర్ ఆలస్యమైనా కొంపలు మునగవు.

దీనికి వేరే దారి వెతికిన కాలేజీలూ ఉన్నాయి. ఒహాయోలోని డేటన్‌లో రైట్ స్టేట్ యూనివర్సిటీ 2004లో ఒక కొత్త కోర్సు పెట్టింది, నేథన్ క్లింగ్‌బైల్ అనే ప్రొఫెసర్ దాన్ని ముందుండి నడిపించారు. ఇంజనీరింగ్‌కి మొదట నిజంగా అవసరమైన లెక్కలని మాత్రమే తీసి, ఇంజనీరింగ్ వాళ్ళే, ల్యాబులతో సహా చెబుతారు. ట్రిగ్ చెప్పాలంటే రోబో చేయి కదలిక తీసుకుంటారు. ఆ కోర్సు పాసైతే కాల్క్యులస్ గొలుసు పూర్తికాకముందే రెండో ఏడాది ఇంజనీరింగ్ కోర్సులు తీసుకోవచ్చు. చాలా కాలేజీలు ఆ పద్ధతిని తర్వాత తీసుకున్నాయి. మీ కాలేజీలో అలాంటిది ఉందేమో అడగండి.

చుట్టాలకి "ఇంజనీరింగ్ చదువుతున్నాడు" అని చెప్పండి, అంతకంటే వివరం వాళ్ళకి అక్కర్లేదు. పిల్లవాడి ముందు మాత్రం "నీతో చదివినవాడు కాల్క్ 3లో ఉన్నాడు" అనే మాట ఒక్కసారి కూడా రానివ్వకండి. ఆ మాట భరించలేకే, తగని క్లాసు పట్టుబట్టి తీసుకుని, డీ గ్రేడుతో బ్రాంచి మార్చుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్ళలో కొందరు మంచి ఇంజనీర్లయ్యేవాళ్ళు.

ఎండాకాలంలో ఎలా చదవాలి?

రోజుకి గంట, వారానికి ఐదు రోజులు, ఏడెనిమిది వారాలు. ఆగస్టులో రోజుకి ఆరు గంటలు చదవడం కంటే ఇది చాలా మేలు. అలెక్స్ మాడ్యూల్ ఉంటే అదే వాడండి. లేకపోతే ఖాన్ అకాడమీలో ప్రీకాల్క్యులస్, లేదంటే రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలు, అవి ఉచితం. వీడియో చూడటాన్ని చదవడం కింద లెక్కపెట్టకండి. చూసేటప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, పెన్సిల్ పట్టుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

వరస కూడా ముఖ్యం. మొదటి రెండు వారాలు భిన్నాలు, ఘాతాంకాలు, కారణాంకాలే, బోరు కొట్టినా సరే. తర్వాత ఫంక్షన్లు, గ్రాఫులు. ఆ తర్వాత లాగ్‌లు. చివరి రెండు వారాలు ట్రిగ్, యూనిట్ సర్కిల్ నోటికి రావాలి. తప్పు చేసిన ప్రతి లెక్కనీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని వారం తర్వాత చూడకుండా మళ్ళీ చేయాలి.

ఖరీదైన కాలిక్యులేటర్ కొనాలా?

ఆగండి. హైస్కూల్లో టీఐ-84 వాడి ఉంటారు, కానీ కాలేజీ కాల్క్యులస్ పరీక్షల్లో చాలాచోట్ల కాలిక్యులేటరే ఒప్పుకోరు. సిలబస్ చూశాక కొనొచ్చు.

కంప్యూటర్ సైన్స్‌కి ఇదంతా ఎందుకు?

మెషిన్ లెర్నింగ్‌లో మోడల్‌ని ట్రెయిన్ చేయడం అంటే చాలామటుకు గ్రేడియంట్ (ఎటు ఎంత ఏటవాలుగా ఉందో చెప్పేది) పట్టుకుని తప్పులు తక్కువయ్యే లోయలోకి దిగడమే, గ్రేడియంట్ కాల్క్యులస్ 3లో వస్తుంది.

కమ్యూనిటీ కాలేజీలో కాల్క్యులస్ తీసుకుంటే తక్కువ చూపు చూస్తారా?

నేను చెప్పేది అక్కడే కాబట్టి నా మాటలో కొంత అభిమానం ఉంటుంది. క్లాసులో ముప్పై, ముప్పై అయిదు మంది ఉంటారు, పెద్ద యూనివర్సిటీలో మూడొందల మంది హాల్లో కూర్చోవాల్సి రావచ్చు. ఫీజు చాలా తక్కువ. కానీ చేరకముందే మీ యూనివర్సిటీ ట్రాన్స్‌ఫర్ పట్టికలో ఆ కోర్సు దేనికి సమానమో చూసుకోండి. కాల్క్యులస్ 1, 2 రెండూ ఒకేచోట తీసుకోవడం మంచిది, పాఠాల విభజన కాలేజీ కాలేజీకి తేడా ఉంటుంది, మధ్యలో మారితే ఒక అధ్యాయం ఎక్కడా చదవకుండానే పోతుంది.

క్లాసు మొదలైంది, ఏమీ అర్థం కావట్లేదు. ఏం చేయాలి?

మొదటి రెండు వారాల్లోనే తేల్చుకోండి. చాలా కాలేజీల్లో మొదట్లో కొన్ని రోజుల దాకా కింది క్లాసుకి మారే వీలుంటుంది, ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఏ గుర్తూ పడదు. ఆ తేదీ దాటితే డబ్ల్యూ (కోర్సు మధ్యలో వదిలేశారని చెప్పే గుర్తు) పడుతుంది. డబ్ల్యూ ఒకటి ఉంటే ఏమీ కాదు, ఎఫ్ కంటే ఎన్నో రెట్లు నయం.

ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి, అంటే విద్యార్థుల సందేహాల కోసం ఆఫీసులో ఉండే గంటల్లో, వెళ్ళండి. మన పిల్లలు దీనికి బాగా జంకుతారు, ముఖ్యంగా ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు, సార్ ఏమనుకుంటారో అని. నా ఆఫీసులో చాలా వారాలు నేనొక్కదాన్నే కూర్చుంటాను. "ఈ లెక్కలో మూడో అడుగు నాకు అర్థం కాలేదు" అని కాగితం పట్టుకుని వచ్చిన పిల్లల్ని చూస్తే ఏ టీచరుకైనా సంతోషమే.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. సెమిస్టర్‌కి 12 క్రెడిట్ల కంటే తగ్గకూడదు. కోర్సు వదిలేయకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా స్టేటస్ చూసే కాలేజీ అధికారి) అనుమతి తీసుకోవాలి, వదిలేశాక వెళ్తే స్టేటస్‌కే ముప్పు. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, క్రెడిట్లు తగ్గించుకోవడానికి రూల్స్‌లోనే రాసి ఉన్న కారణాల్లో విద్యార్థిని తగని స్థాయి కోర్సులో వేయడం కూడా ఒకటి. అలాంటప్పుడు కూడా కనీసం ఆరు క్రెడిట్లు ఉండాలి, ఆ డిగ్రీ స్థాయిలో ఒక్కసారికే ఆ వెసులుబాటు. కాబట్టి ముందు డీఎస్ఓ దగ్గరికి, తర్వాతే రిజిస్ట్రార్ దగ్గరికి.

అమ్మానాన్నలుగా మేమేం చేయగలం?

మే నెలలో ఆ మెయిల్ వచ్చిందా అని అడగండి. పరీక్ష జరిగే గంటన్నరసేపు ఇల్లు నిశ్శబ్దంగా ఉంచండి, టీవీ ఆపండి, పరీక్ష రాస్తున్నప్పుడు వెనక నిలబడకండి. స్కోరు వచ్చాక మొదట ఎంత అని అడిగే బదులు, ఏ టాపిక్‌లు రాలేదో చూపించమని అడగండి. అలెక్స్ ఒక గుండ్రటి బొమ్మలో వాటిని రంగులు వేసి చూపిస్తుంది, ఇద్దరూ కూర్చుని ఒకసారి చూడండి. ట్రిగ్ ముక్క ఖాళీగా ఉంటే రేపు ఉదయం ఆ ముక్కతోనే మొదలుపెట్టించండి.